మూడు పాస్, ముప్పై ఏడు డీసెలెక్టెడ్: ఫోన్‌లో టెస్టులు నడపడం, ఫిల్టర్ చేయడం

(వీడియో ఎపిసోడ్ మాటల పాఠం. చదవడానికి వీలుగా అక్కడక్కడా సరిచేశాం. కమాండ్లు నోటితో చెప్పినట్టే తెలుగు అక్షరాల్లో ఉంటాయి. మీరు టైప్ చేసేటప్పుడు ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో కొట్టండి.)

పోయిన ఎపిసోడ్‌లో ఫోన్‌లో పైథాన్ ప్రోగ్రామ్ రాయడం చూశాం. ఇవాళ ఆ ప్రోగ్రామ్ సరిగా పనిచేస్తుందో లేదో చూసే టెస్టుల సంగతి. ల్యాప్‌టాప్ లేదే అని బాధపడొద్దు. మార్కాపురంలో, గిద్దలూరులో, కంభంలో నాకు తెలిసిన పిల్లలు చాలామంది మొదటి ప్రోగ్రామ్ ఫోన్‌లోనే రాశారు. నేనూ అంతే.

కమాండ్లు చెప్పే ముందు ఒక తప్పు చెప్తాను. నేను చేసిన తప్పే. అది వింటే ఈ కమాండ్లు ఎందుకు నేర్చుకోవాలో మీకే తెలుస్తుంది.

పలకల లెక్క

మార్కాపురం అంటే పలకలని అందరికీ తెలుసు. బళ్ళో పలక వాడకం తగ్గింది గానీ, పలక రాయి పని ఇంకా నడుస్తానే ఉంది. మాకు తెలిసినవాళ్ళ యూనిట్ ఒకటుంది, పేరు వద్దులెండి. అక్కడ పీస్ రేటు మీద కూలి. నూరు పలకలకి ఇంత అని. రోజూ ఎవరు ఎన్ని చేశారో నోటు బుక్కులో రాస్తారు, శనివారం లెక్క తేల్చి డబ్బులిస్తారు. ఆ లెక్క నేను ప్రోగ్రామ్‌లో పెట్టి ఇచ్చాను.

లెక్క అర్థం కావడానికి నూరు పలకలకి 45 రూపాయలు అనుకుందాం. ఒకామె 1,250 పలకలు చేసింది. 1,250ని 45తో గుణించి నూరుతో భాగిస్తే 562.5 వస్తుంది. అంటే 562 రూపాయల 50 పైసలు. మొదట్లో నా ప్రోగ్రామ్ ఇదే చూపించేది. సరైన లెక్కే.

యూనిట్ ఆయన "ఈ చుక్క ఏందబ్బా, 562.5 అంటే వీళ్ళకి అర్థం కావట్లా, చుక్క లేకుండా చెయ్యి" అన్నాడు. నేను బస్సులో కూర్చుని ఫోన్‌లోనే మార్చేశాను. పైథాన్‌లో భాగహారానికి రెండు గుర్తులున్నాయి. ఒక అడ్డగీత పెడితే మామూలు భాగహారం, చుక్కతో సహా వస్తుంది. రెండు అడ్డగీతలు పెడితే మిగిలిన శేషాన్ని పారేసి పూర్తి సంఖ్య ఇస్తుంది. నేను రెండు గీతలు పెట్టాను, అది కూడా తప్పు చోట. ముందు పలకల్ని నూరుతో భాగించి, తర్వాత రేటుతో గుణించాను. 1,250 // 100 అంటే 12. పన్నెండు నలభై ఐదులు 540. చుక్క పోయింది, దాంతోపాటే యాభై పలకల కూలీ పోయింది. 22 రూపాయల 50 పైసలు. ఒక మనిషికి, ఒక్క రోజుకి.

మరి టెస్టులు లేవా అంటే, ఉన్నాయి. మొత్తం 40 టెస్టులు. నూరు లోపు మిగిలిన పలకల్ని కూడా లెక్కలో కలుపుతున్నదా అని చూసే టెస్టు కూడా వాటిలో ఉంది. అది నడిచుంటే ఎర్రగా ఫెయిల్ అని చూపించేది. నేను దాన్ని నడపలేదు. నడిపాననుకున్నాను. ఇవాళ్టి ఎపిసోడ్ అంతా ఈ రెండు మాటల మధ్య తేడా గురించే.

ముందు మామూలుగా నడుపుదాం

[స్క్రీన్ మీద టెర్మక్స్]

ఆండ్రాయిడ్ ఫోన్‌లో టెర్మక్స్ అనే యాప్ ఉంటుంది. ఎఫ్-డ్రాయిడ్ నుంచి దించుకోండి. తెరిస్తే నల్ల స్క్రీన్ మీద కర్సర్ మిణుకుమిణుకుమంటుంది. దీన్నే కమాండ్ లైన్ అంటాం. ఇక్కడ బటన్లుండవు, ఏం కావాలో రాసి ఎంటర్ కొట్టాలి.

మూడు లైన్లు:

పికెజి అప్‌డేట్
పికెజి ఇన్‌స్టాల్ పైథాన్
పిప్ ఇన్‌స్టాల్ పైటెస్ట్

పైటెస్ట్ అనేది పైథాన్‌లో టెస్టులు నడిపే పనిముట్టు. మీ ఫోల్డర్‌లోకి వెళ్ళి ఒక్క మాట, పైటెస్ట్ అని కొట్టండి చాలు. ఫైల్ పేరు "టెస్ట్_"తో మొదలైతే ఆ ఫైల్ తెరుస్తుంది. లోపల ఫంక్షన్ పేరు "టెస్ట్"తో మొదలైతే దాన్ని నడుపుతుంది. ప్రతి పాస్‌కి ఒక చుక్క పెడుతుంది, ఫెయిల్‌కి "ఎఫ్" అని పెడుతుంది. చివర్లో ఒక లైన్: 40 పాస్డ్, ఇన్ని సెకన్లు.

చుక్కలతో సరిపోక పేర్లు కూడా కావాలంటే చివర -వి పెట్టండి. క్లుప్తంగా చాలనుకుంటే -క్యూ.

అన్నీ ఎందుకు నడపం?

న్యాయంగా అయితే ప్రతిసారీ అన్నీ నడపాలి. కానీ నా 40 టెస్టుల్లో కొన్ని పీడీఎఫ్ బిల్లు తయారుచేసి చూసేవి. నా పాత ఫోన్‌లో అవి నిమిషాలు తీసుకుంటాయి, ఫోన్ వేడెక్కుతుంది, బ్యాటరీ దిగిపోతుంది. ఒక్క లైన్ మార్చి ప్రతిసారీ అంతసేపు ఎవరు కూర్చుంటారు? అందుకే జల్లెడ పడతాం. మార్చిన చోటికి సంబంధించినవే నడుపుతాం. ఇది తప్పు కాదు. పెద్ద పెద్ద కంపెనీల్లో కూడా ఇట్లాగే చేస్తారు.

ఏవి నెమ్మదో తెలియాలంటే పైటెస్ట్ --డ్యూరేషన్స్=5 అని కొట్టండి. అన్నిటికంటే ఎక్కువ టైమ్ తీసుకున్న ఐదిటిని వరసగా చూపిస్తుంది.

పేరుతో ఫిల్టర్: -కె

అన్నిటికంటే ఎక్కువ వాడేది ఇదే. పైటెస్ట్ -కె కులి అంటే, పేరులో "కులి" అనే ముక్క ఉన్న టెస్టుల్ని మాత్రమే నడుపు అని. పెద్దక్షరాలు, చిన్నక్షరాలు తేడా చూడదు. ఫంక్షన్ పేరులోనే కాదు, ఫైల్ పేరులో, క్లాస్ పేరులో కూడా ఆ ముక్క కోసం వెతుకుతుంది. కాబట్టి ఫైల్ పేరే టెస్ట్_కులి అని ఉంటే, ఆ ఫైల్‌లో ఉన్నవన్నీ నడుస్తాయి.

మాటల్ని కలపొచ్చు కూడా. కులి ఆర్ బిల్లు అంటే రెంటిలో ఏది ఉన్నా. కులి అండ్ నాట్ పీడీఎఫ్ అంటే కులి ఉండాలి, పీడీఎఫ్ ఉండకూడదు. ఇట్లా రెండు మూడు మాటలు రాసినప్పుడు మొత్తాన్ని కొటేషన్ గుర్తుల్లో పెట్టాలి, మర్చిపోవద్దు.

ఇప్పుడు నా తప్పు. కూలి అనే మాటని ఇంగ్లిష్ అక్షరాల్లో ఎట్లా రాస్తారు? వాట్సాప్‌లో మనం రోజుకొక రకంగా రాస్తాం. నేను మొదటి మూడు టెస్టులకి కె, యు, ఎల్, ఐ అని రాశాను, అంటే కులి. ఇంకో వారం తర్వాత మిగులు పలకల టెస్టు రాసినప్పుడు కె, రెండు ఓలు, ఎల్, ఐ అని రాశాను, అంటే కూలి. మనిషి చదివితే రెండూ ఒకటే. పైటెస్ట్‌కి వేరు వేరు మాటలు.

బస్సులో లెక్క మార్చాక పైటెస్ట్ -కె కులి అని కొట్టాను. వచ్చిన లైన్: 3 పాస్డ్, 37 డీసెలెక్టెడ్. అంతా ఆకుపచ్చ. డీసెలెక్టెడ్ అంటే ఫిల్టర్ పక్కన పెట్టినవి, నడవనివి. ఫిల్టర్ పెట్టింది నేనే కదా, 37 ఉంటే ఉంటాయిలే అనుకున్నాను. అసలు అక్కడ 4 పాస్డ్, 36 డీసెలెక్టెడ్ అని రావాలి. లేదా నాలుగోది ఫెయిల్ అయ్యుండాలి. నేను రంగు చూశాను, అంకె చూడలేదు. పైగా ఆ మూడు టెస్టుల్లో పలకలు సున్నా, వంద, వెయ్యి. అన్నీ నూరుతో నిండుగా భాగించబడేవే. తప్పు లెక్కలో కూడా అవి పాస్ అవుతాయి.

"నీ ఫోను వాటిని పలకలు అనుకోదా?"

రెండు వారాలు గడిచాయి. మూడో శనివారం నేను యూనిట్‌కి వెళ్ళినప్పుడు ఒక పెద్దామె నన్ను పిలిచింది. నేను ఆమెను అత్తా అంటాను.

"అబ్బాయ్, ఇట్రా. నా లెక్క ఒకసారి చూడు."

"ఏమైంది అత్తా?"

"పలకకి నలభై ఐదు పైసలే కదా. పన్నెండు నూర్ల యాభై చేశా. నీ కాగితంలో ఐదు నూర్ల నలభై ఉండాది."

"ఫోన్ లెక్క అత్తా, తప్పు రాదే."

"నూరు నిండకపోతే నీ ఫోను వాటిని పలకలు అనుకోదా?"

నాకు మాట రాలేదు. ఆమె ఏ ప్రోగ్రామ్ చూడకుండా, ఎక్కడ తప్పుందో ఒక్క ముక్కలో చెప్పేసింది. అక్కడే ఫోన్ తీసి, ఫిల్టర్ లేకుండా మొత్తం నడిపాను. నాలుగు నిమిషాల తర్వాత ఒక ఎర్ర లైన్: టెస్ట్_కూలి_మిగులు ఫెయిల్డ్.

నోటు బుక్కులో రోజువారీ పలకల లెక్క ఉంది కాబట్టి బతికాం. ఆ రెండు వారాలదీ మళ్ళీ తీసి, ఎవరికెంత తగ్గిందో రాసి, ఆ తేడా వాళ్ళకి ఇప్పించాం. నోటు బుక్కు లేకపోతే? ఆ డబ్బు ఎంతో ఎవరికీ తెలిసేది కాదు.

సరిచేసిన లెక్క ఆమె చెప్పిందే. నూరుకి 45 రూపాయలంటే పలకకి 45 పైసలు. 1,250ని 45తో గుణిస్తే 56,250 పైసలు. లోపల అంతా పైసల్లోనే ఉంచి, చూపించేటప్పుడు మాత్రం రూపాయలు, పైసలు అని విడగొట్టాలి. చుక్కా ఉండదు, డబ్బూ పోదు. డబ్బు లెక్క ఏ ప్రోగ్రామ్‌లో రాసినా ఈ పద్ధతి గుర్తుపెట్టుకోండి.

మన ఊర్ల పేర్లతో జాగ్రత్త

ఈ స్పెల్లింగ్ గొడవ ఒక్క కూలితోనే కాదు. మనం మార్కాపురం అంటాం, రైల్వే స్టేషన్ పేరు మార్కాపూర్ రోడ్. టెస్టు పేర్లలో కొన్నిచోట్ల మార్కాపూర్, కొన్నిచోట్ల మార్కాపురం ఉన్నాయనుకోండి. -కె మార్కాపురం అంటే రెండోవే దొరుకుతాయి. ఇంగ్లిష్ అక్షరాల్లో చిన్నది పెద్దదాంట్లో ఇమిడిపోతుంది కాబట్టి, -కె మార్కాపూర్ అంటే రెండూ దొరుకుతాయి. గిద్దలూర్, గిద్దలూరు కూడా ఇంతే. చిన్న ముక్క ఇవ్వడం మంచిది.

కంభం దగ్గర మాత్రం ఈ ఉపాయం పారదు. పాత ఇంగ్లిష్ స్పెల్లింగ్ "సి"తో మొదలవుతుంది, మనం "కె"తో రాస్తాం. అక్కడ రెండూ రాసి మధ్యలో ఆర్ పెట్టాల్సిందే.

ఇంకోటి. ఒకే టెస్టుని చాలా ఊర్ల పేర్లతో నడపడానికి పారామెట్రైజ్ అని ఒక సౌకర్యం ఉంది. అక్కడ ఊరి పేరు తెలుగు లిపిలో ఇస్తే, పైటెస్ట్ ఆ టెస్టు పేరులో తెలుగు అక్షరాలు చూపించదు. వాటి బదులు యూనికోడ్ అంకెల కోడ్లు పెడుతుంది. అందుకని -కెకి తెలుగులో మార్కాపురం అని ఇస్తే దొరకదు. దీనికి మందు, పారామెట్రైజ్‌లోనే ఐడీస్ అనే చోట ఇంగ్లిష్ అక్షరాల్లో చిన్న పేర్లు ఇవ్వడం. లోపల డేటా తెలుగులోనే ఉంచండి, పిలిచే పేరు మాత్రం ఇంగ్లిష్‌లో పెట్టండి.

తెలుగు డేటా తీసేయమని మాత్రం చెప్పను. 2018 ఫిబ్రవరి గుర్తుందా? ఒక్క తెలుగు అక్షరం మెసేజ్‌లో వస్తే ఐఫోన్లో యాప్‌లు క్రాష్ అయ్యాయి. "జ్ఞా"లో, దీర్ఘానికి ముందు కంటికి కనపడని ఒక గుర్తు చేరితే చాలు. ఆపిల్ వాళ్ళు ఐఓఎస్ 11.2.6తో దాన్ని సరిచేశారు. మన పేర్లు, మన ఒత్తులు టెస్టుల్లో మనం పెట్టకపోతే ఇంకెవరు పెడతారు?

గుర్తు వేసి ఫిల్టర్: -ఎం

పేర్లని నమ్ముకుంటే స్పెల్లింగ్‌కి దొరికిపోతాం. అందుకే ముఖ్యమైన టెస్టులకి ఒక గుర్తు వేసుకోవాలి. దాన్ని మార్కర్ అంటారు. ఫంక్షన్ పైన ఒక లైన్: @పైటెస్ట్.మార్క్.డబ్బు. కూలి టెస్టులన్నిటికీ ఇదే వేశాను. పేరు కులి అయినా కూలి అయినా, పైటెస్ట్ -ఎం డబ్బు అంటే నాలుగూ నడుస్తాయి. పీడీఎఫ్ టెస్టులకి స్లో అని గుర్తు వేశాను. -ఎం "నాట్ స్లో" అంటే అవి తప్ప అన్నీ.

గుర్తులో కూడా స్పెల్లింగ్ తప్పు రావచ్చు కదా? అందుకే పైటెస్ట్.ఐఎన్ఐ అనే ఫైల్‌లో, మార్కర్స్ అనే చోట మన గుర్తుల పేర్లు రాసి, --స్ట్రిక్ట్-మార్కర్స్ అనే ఆప్షన్ పెట్టండి. అప్పుడు టెస్టు మీద జాబితాలో లేని గుర్తు వేస్తే పైటెస్ట్ ఊరుకోదు, ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. ఈ ఆప్షన్ లేకపోతే ఒక హెచ్చరిక ఇచ్చి ముందుకి పోతుంది.

మిగతా ఫిల్టర్లు, త్వరగా

ఒకే ఒక్క టెస్టు కావాలంటే ఫైల్ పేరు, రెండు కోలన్లు, ఫంక్షన్ పేరు. పేరు తప్పైతే దొరకలేదని మొహం మీదే చెప్తుంది, అదే దీని లాభం.

మొదటి ఫెయిల్ దగ్గరే ఆగాలంటే -ఎక్స్. రెండు ఫెయిళ్ళ తర్వాత ఆగాలంటే --మాక్స్‌ఫెయిల్=2.

పోయినసారి ఫెయిల్ అయినవే మళ్ళీ నడపాలంటే --ఎల్ఎఫ్, అంటే లాస్ట్ ఫెయిల్డ్. తప్పు దిద్దేటప్పుడు దీనంత సుఖం ఇంకోటి లేదు. కానీ ఒకటి దిద్దుతూ ఇంకోటి చెడగొడితే ఇది చూపించదు. --ఎఫ్ఎఫ్ అంటే ఫెయిల్ అయినవి ముందు, మిగతావి తర్వాత, అన్నీ నడుస్తాయి. నేను ఇప్పుడు దీన్నే ఎక్కువగా వాడతాను.

డీసెలెక్టెడ్, స్కిప్డ్ ఒకటి కాదు. డీసెలెక్టెడ్ అంటే కమాండ్‌లో మనం ఫిల్టర్ పెట్టి పక్కన ఉంచింది. స్కిప్డ్ అంటే దీన్ని నడపొద్దని కోడ్‌లోనే రాసిపెట్టింది. స్కిప్ ఎందుకయిందో చూడాలంటే -ఆర్ఎస్ పెట్టండి, కారణం చూపిస్తుంది.

నడపకముందే లెక్కపెట్టండి

నేను ఆ రోజు చేసి ఉండాల్సిన పని ఇది. పైటెస్ట్ --కలెక్ట్-ఓన్లీ -క్యూ -కె కులి. ఇది ఏ టెస్టూ నడపదు. ఈ ఫిల్టర్‌తో ఏవేవి నడుస్తాయో పేర్ల జాబితా మాత్రం ఇస్తుంది. అయిదు సెకన్ల పని. నాలుగు పేర్లు ఉండాల్సిన చోట మూడే కనిపిస్తే, అక్కడే అనుమానం వచ్చేది.

ఫిల్టర్‌కి ఒక్క టెస్టు కూడా దొరకకపోతే ఏమవుతుంది? ప్రతి కమాండూ పని ముగించాక ఒక అంకె వదిలిపోతుంది, దాన్ని ఎగ్జిట్ కోడ్ అంటారు. ఎకో $? అని కొడితే కనిపిస్తుంది. పైటెస్ట్‌లో 0 అంటే నడిచినవన్నీ పాస్. 1 అంటే ఏదో ఫెయిల్. 5 అంటే నడపడానికి ఏ టెస్టూ దొరకలేదు. ఈ 5 చాలా మంచిది, మనల్ని ఆపుతుంది. కానీ నా కేసులో మూడు దొరికాయి కాబట్టి వచ్చింది 0. సగం దొరికితే ఎగ్జిట్ కోడ్ కాపాడదు.

గో భాష నేర్చుకుంటున్నవాళ్ళకి ఒక మాట. అక్కడ -రన్ అనే ఫిల్టర్‌కి ఒక్క టెస్టు కూడా దొరకకపోతే చిన్న హెచ్చరిక ఇస్తుంది గానీ, పాస్ అనే అంటుంది. ఆండ్రాయిడ్ యాప్‌లు కట్టే గ్రేడిల్‌లో --టెస్ట్స్ ఫిల్టర్‌కి ఏదీ దొరక్కపోతే బిల్డ్ ఫెయిల్ అవుతుంది. మీరు వాడే పనిముట్టుది ఏ గుణమో ఒకసారి కావాలనే తప్పు పేరు ఇచ్చి చూసుకోండి.

ఇప్పుడు నేను చేసే పద్ధతి

కోడ్ మారుస్తున్నంతసేపు ఫిల్టర్ వాడతాను. -కె గానీ, -ఎం గానీ, --ఎల్ఎఫ్ గానీ. ఎన్ని నడవాలో ముందే అనుకుని, వచ్చిన అంకెతో పోలుస్తాను.

ప్రోగ్రామ్ వేరేవాళ్ళ చేతికి ఇచ్చే ముందు మాత్రం ఫిల్టర్ లేదు. ఫోన్ ఛార్జింగ్‌కి పెట్టి, ఉత్త పైటెస్ట్ కొట్టి, టీ తాగి వస్తాను. దీన్ని నా ఇష్టానికి వదిలేయకుండా ఒక చిన్న స్క్రిప్ట్‌లో పెట్టాను. పైటెస్ట్, తర్వాత &&, తర్వాత కొత్త ఫైల్‌ని కాపీ చేసే కమాండ్. && అంటే ముందుది 0తో ముగిస్తేనే తర్వాతది నడుస్తుంది. ఒక్క టెస్టు ఫెయిలైనా కొత్త ఫైల్ యూనిట్‌కి పోదు.

పైటెస్ట్.ఐఎన్ఐలో యాడ్‌ఆప్ట్స్ అనే లైన్ ఉంటుంది, అక్కడ రాసిన ఆప్షన్లు ప్రతిసారీ వాటంతట అవే కలుస్తాయి. అక్కడ -కె, -ఎం పెట్టొద్దు. పెడితే ఉత్త పైటెస్ట్ కొట్టినా ఫిల్టర్ నడుస్తూనే ఉంటుంది, కొన్నాళ్ళకి మీకే గుర్తుండదు. ఇంకెవరి ప్రాజెక్టో తెరిచినా ముందు ఆ లైన్ చూడండి.

మీకొక పని ఇస్తున్నా. ఈ వారం మీ ప్రోగ్రామ్‌లో ఏదైనా ఫిల్టర్‌తో --కలెక్ట్-ఓన్లీ నడపండి. జాబితా వచ్చేముందే ఎన్ని పేర్లు రావాలో కాగితం మీద రాయండి. రెండు అంకెలూ కలవకపోతే, ఎందుకో కనుక్కోండి. నాకు ఆ తేడా ఒకటే ఒకటి. అత్తకి ఒక్క రోజులోనే 22 రూపాయల 50 పైసలు.

వచ్చే ఎపిసోడ్‌లో ఒకే టెస్టుని పది రకాల డేటాతో నడపడం, అదే పారామెట్రైజ్, వివరంగా చూద్దాం. ఉంటానండి.